కొత్త మిషన్ కొనే ముందు దారి చూడండి

జూన్ నడిమధ్యలో మీ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి రెండు వైపులా చూడండి. బయట రోడ్డు పక్కన తోతాపురి కాయ నింపుకున్న ట్రాక్టర్లు, మినీ లారీలు వరస కట్టి ఉంటాయి. లోపల గుజ్జు తీసే పల్పర్ దగ్గర ఆపరేటరు మాగిన కాయ కోసం ఎదురుచూస్తుంటాడు. బయటేమో కాయ దిగక రైతుకు ఇబ్బంది, లోపలేమో కాయ అందక మిషన్‌కు ఖాళీ. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే గంటలో ఈ రెండూ ఎలా జరుగుతాయి? చిత్తూరు ప్రాంతంలో పూతలపట్టు, బంగారుపాళ్యం, దామలచెరువు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడిపేవారికి, అందులో ప్రొడక్షన్ చూసుకునేవారికి ఇది కొత్త దృశ్యమేమీ కాదు. కారణం అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే: "కెపాసిటీ చాలడం లేదు, ఇంకో లైను వెయ్యాలి." ఆ జవాబు చాలాచోట్ల తప్పని చెప్పడానికే ఈ అధ్యాయం. మీ దగ్గరున్న మిషన్‌కు చేవ ఉంది. దాని దగ్గరికి సరుకు చేరే దారి, దాని దగ్గర్నుంచి సరుకు వెళ్లే దారి సరిగా లేవు. దారి బాగుపడకుండా పెద్ద మిషన్ తెచ్చి పెడితే అది ఇంకాస్త వేగంగా పనిచేసి, ఇంకాస్త ఎక్కువసేపు ఖాళీగా నిలబడుతుంది.

మిషన్ ఎంత బాగా పనికొస్తోందో కొలవడానికి ప్రపంచమంతా వాడే లెక్క ఒకటుంది. జపాన్‌కు చెందిన సెయిచి నకాజిమా టీపీఎం (టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్) పద్ధతితో పాటు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఫ్యాక్టరీల్లో దీన్ని ఓఈఈ (ఓవరాల్ ఎక్విప్‌మెంట్ ఎఫెక్టివ్‌నెస్) అంటారు. సిద్ధాంతం జోలికి పోకుండా మూడే ప్రశ్నలు వేసుకోండి. నడవాల్సిన గంటల్లో మిషన్ ఎన్ని గంటలు నడిచింది? నడిచినప్పుడు దాని అసలు వేగంలో ఎంత వేగంతో నడిచింది? నడిచి చేసిన సరుకులో మంచిదెంత? మూడు జవాబులనూ శాతాల్లో రాసి, ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చేదే ఓఈఈ. మొదటిది 90, రెండోది 95, మూడోది 99 శాతం ఉంటే దాదాపు 85 శాతం వస్తుంది. నకాజిమా గొప్ప ఫ్యాక్టరీలకు గీసిన గీత అది. చాలా ఫ్యాక్టరీల్లో ఈ లెక్కను మెయింటెనెన్స్ వాళ్ల ఖాతాలో వేసేస్తారు. మిషన్ గురించిన లెక్క కదా, మెకానిక్కే జవాబు చెప్పాలన్నట్టు! మిషన్ ఆగడానికి రిపేరు ఒక్కటే కారణమైతే అది న్యాయమే. కానీ నిజంగా జరిగేది అదేనా?

ఉదాహరణకు ఒక లైను తీసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండాలని గుండ్రటి అంకెలు వేస్తున్నాను, మీ అంకెలు మీరు పెట్టుకోండి. గంటకు 10 టన్నుల కాయ తినగల లైను. కడుగుడు పోను రోజుకు 20 గంటలు నడవాలి. రిపేరు వల్ల ఒక గంట, మాగిన కాయ అందక రెండు గంటలు, ఖాళీ డ్రమ్ములు అందక ఒక గంట ఆగింది. నడిచింది 16 గంటలు, అంటే 80 శాతం. కాయ తెరలు తెరలుగా రావడంతో గంటకు 10 టన్నులకు బదులు 8 టన్నులే నడిచింది. అదీ 80 శాతమే. సరిగ్గా మాగనివి, మగ్గి మెత్తబడినవి కలిసినందువల్ల అయిదు శాతం పోయింది. మూడింటినీ గుణిస్తే దాదాపు 61 శాతం. ఇప్పుడు మెకానిక్ మహానుభావుడై రిపేరు గంట మొత్తం తగ్గించేశాడనుకుందాం. ఓఈఈ 65కి కూడా చేరదు. దానికి బదులు రిపేరు అలాగే ఉంచి, కాయకూ డ్రమ్ములకూ పోయే మూడు గంటల్ని సగానికి తగ్గించండి. కాయ కాస్త నిలకడగా వస్తే వేగం 85, నాణ్యత 96 అవుతాయి. ఓఈఈ 71 దాటుతుంది. రోజుకు మరో 21 టన్నుల కాయ మంచి గుజ్జుగా మారుతుంది. సీజన్ ముమ్మరంగా ఉండే 45 రోజుల్లో అది 900 టన్నుల పైమాటే. ఒక్క కొత్త నట్టు కొనకుండా!

ఇక్కడ అనుభవమున్న యజమాని ఒక మాట అడ్డేస్తాడు. "గేటు ముందు క్యూ ఉంటేనే నాకు ధైర్యం. క్యూ ఉన్నంతకాలం నా మిషన్‌కు కాయ కరువుండదు." వినడానికి సబబుగానే ఉంటుంది. చెరకు గానుగకో, రాళ్ల క్రషర్‌కో అయితే కొంతవరకు నిజం కూడా. తోతాపురి విషయంలో మాత్రం నిజం కాదు. గేటు బయట ఉన్నది గట్టి కాయ. మిషన్‌కు కావలసింది మాగిన కాయ. రెండింటి మధ్యా మాగేసే గదిలో నాలుగైదు రోజుల ప్రయాణం ఉంది. కాబట్టి బయటి క్యూ ఈరోజు మిషన్‌కు ఏ భరోసా ఇవ్వదు. మిషన్‌కు భరోసా ఇచ్చేది నాలుగైదు రోజుల కింద ఎంత కాయ లోపలికి తీసుకున్నారన్న లెక్క. పైగా ఎండలో, పట్టా కింద ట్రాక్టర్‌లో కుప్పగా ఉన్న కాయ ఊరికే ఉండదు. పైవి ఎండకు వాడతాయి, నడుమవి వేడికి మగ్గుతాయి, అడుగువి బరువుకు నలుగుతాయి. ఒకే తోటలో ఒకే రోజు కోసిన కాయ మూడు రకాల కాయై లోపలికొస్తుంది. ఇక దాన్ని ఏ గదిలో పెట్టినా సమంగా మాగదు. సమంగా మాగని కాయ బెల్టు మీదికొస్తే ఏరేవాళ్లు ఎక్కువమంది కావాలి, బెల్టు నిదానంగా తిరగాలి, గుజ్జు బ్రిక్స్ (తీపి కొలత) 14కు దిగువన ఊగిసలాడుతుంది. గేటు బయటి క్యూ ఓఈఈలోని మూడు అంకెలనూ ఒకేసారి కిందికి లాగుతుందంటే అతిశయోక్తి కాదు. ఆపైన ట్రాక్టర్ బాడుగ, డ్రైవరు బత్తా, రాత్రి నిద్ర అన్నీ రైతు నెత్తినే పడతాయి. మీ మిషన్‌కూ మేలు చేయని, రైతునూ ముంచే క్యూను ధైర్యమనుకోవడమెందుకు?

2025 సీజన్ ఈ విషయాన్ని గట్టిగానే గుర్తుచేసింది. దిగుబడి విపరీతంగా వచ్చింది. అంతకుముందు ఏటి గుజ్జు అమ్ముడుపోక గోదాముల్లో ఉండిపోయిందని ఫ్యాక్టరీలు చెప్పాయి. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని నిర్ణయం జరిగింది. కర్ణాటక తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకుండా జూన్‌లో ఉత్తర్వులిచ్చారు. దాని మీద రెండు రాష్ట్రాల మధ్య ఉత్తరాలు నడిచాయి. ధర ఎంత ఉండాలి, సరిహద్దు మూయాలా తెరవాలా అన్నవి ఈ అధ్యాయం తేల్చే విషయాలు కావు. మార్కెట్ చెడిపోయిన ఏడాది ఏ ఫ్యాక్టరీ కూడా దారి దిద్దుకుని మార్కెట్‌ను బాగుచేయలేదు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ ఏడాదే ఇంకో సంగతి కూడా తెలిసింది. గోదాము నిండితే డ్రమ్ము కదలదు, డ్రమ్ము కదలకపోతే లైను ఆగుతుంది, లైను ఆగితే మాగే గది ఖాళీ కాదు, గది ఖాళీ కాకపోతే గేటు తెరుచుకోదు. తోటలో రైతు చేతిలో కాయ మగ్గిపోవడానికీ, ఆ చివర గోదాములో డ్రమ్ము కదలకపోవడానికీ సూటి సంబంధం ఉంది. ఆ గొలుసులో మీ చేతిలో ఉన్న లింకులు కొన్ని ఉన్నాయి. వాటిని వరసగా పట్టుకుందాం.

1. ముందు ఒక వారం రోజులు, లైను ఆగిన ప్రతిసారీ ఎందుకు ఆగిందో రాయించండి. సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, గోడకు ఒక పలక చాలు. కారణాలు ఆరే పెట్టండి: కాయ లేదు, డ్రమ్ము లేదు, ఆవిరి లేదు, తొక్క నిండింది, కడుగుడు, రిపేరు. అంతకన్నా ఎక్కువ పెడితే ఎవరూ రాయరు. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. పది నిమిషాలకు మించి ఆగితేనే రాస్తారు, రెండు మూడు నిమిషాల ఆగుళ్లను వదిలేస్తారు. గంటకు మూడుసార్లు మూడేసి నిమిషాలు ఆగితే 20 గంటల్లో మూడు గంటలు పోయినట్టే. పెద్ద రిపేరు ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు, దొంగ ఇక్కడ చిన్న ఆగుళ్లలో ఉన్నాడు. ఇంకో తప్పు, పలక మీద మనుషుల పేర్లు రాయడం. పేరు పడుతుందంటే ప్రతి ఆగుడూ "రిపేరు" కిందికో "ఆవిరి లేదు" కిందికో వెళ్లిపోతుంది. మీకు దొరికేది అబద్ధపు లెక్క. "మావాళ్లు రాయరండీ" అంటారా? వారాంతంలో ఆ పలక చూసి మీరు ఒక్క అడ్డంకి తీసేయండి. తాము రాసినదానికి ఫలితం కనిపించిన మరుసటి వారం అడగకుండానే రాస్తారు.

2. మీరు రోజుకు ఎంత కాయ తీసుకోవాలో చెప్పేది మాగే గది, గేటు కాదు. లెక్క చూడండి. రోజుకు 150 టన్నుల మాగిన కాయ కావాలి, కాయ మాగడానికి సగటున 5 రోజులు. అంటే ఏ క్షణాన చూసినా 750 టన్నుల కాయ మాగే దశలో ఉండాలి. క్రేటుకు 20 కిలోల చొప్పున 37,500 క్రేట్లు. మీ దగ్గర అన్ని క్రేట్లున్నాయా? అవి పెట్టే చోటు, నడుమ ట్రాలీ తిరిగే సందు ఉన్నాయా? ఉన్నవి 25,000 అనుకోండి, ఆ గది రోజుకు 100 టన్నులు మాత్రమే ఇవ్వగలదు. అప్పుడు మీరు గంటకు 10 టన్నుల పల్పర్ తెచ్చినా, 20 టన్నుల పల్పర్ తెచ్చినా వచ్చే గుజ్జు ఒకటే. జాన్ లిటిల్ అనే అమెరికా ఆచార్యుడు 1961లో నిరూపించిన సూత్రం సారాంశం కూడా ఇదే: లోపల ఉన్న సరుకు, రోజువారీ రాక, లోపల ఉండే రోజులు, ఈ మూడింట్లో రెండు తెలిస్తే మూడోది తప్పించుకోలేదు. మరి ఆ మాగే రోజుల్ని తగ్గించవచ్చు కదా? కొంతవరకు తగ్గించవచ్చు. అనుమతి ఉన్న ఇథిలిన్ గ్యాస్‌ను 100 పీపీఎం మించకుండా, ఉష్ణోగ్రత అదుపులో ఉన్న గదిలో వాడితే కాయ సమంగా, తొందరగా మాగుతుంది. కార్బైడ్ మాత్రం నిషిద్ధం, దాని జోలికి పోవద్దు. కానీ రోజులు తగ్గడం కన్నా సమంగా మాగడం ముఖ్యం. ఒక గదిలో ఒకే రోజు దిగిన కాయ మాత్రమే పెట్టండి. తలుపు మీద దిగిన తేదీ, తీయాల్సిన తేదీ సుద్దముక్కతో పెద్దగా రాయించండి. చేతికి దగ్గరగా ఉన్న క్రేటును ముందు లాగేయడం హమాలీకి సులువు. అందుకే వెనక మూలన ఉన్న క్రేట్లు పదో రోజున నల్లబడి బయటపడతాయి. ఒక వైపు నుంచి నింపి, ఇంకో వైపు నుంచి తీసే ఏర్పాటు ఉంటే ఈ గొడవే ఉండదు. గోడకు ఇంకో తలుపు పెట్టించడానికయ్యే ఖర్చు కొత్త మిషన్ ముందు ఎంత?

3. టోకెన్‌లో తేదీ ఒక్కటే ఇస్తే చాలదు, గంట కూడా ఇవ్వండి. "టోకెన్లు పెట్టి చూశాం, క్యూ తగ్గలేదు" అన్న మాట తరచూ వినిపిస్తుంది. ఆ టోకెన్ల మీద ఏముంది? తేదీ. ఆ తేదీన అందరూ తెల్లవారకముందే వచ్చి నిలబడతారు, ముందొచ్చినవాడికి ముందు దిగుతుందని తెలుసు కాబట్టి. టోకెన్‌లో "ఉదయం 10 నుంచి 12" అని ఉండి, ఆ సమయానికి వచ్చినవాడి కాయ ఆ సమయానికే దిగితే ఎవరూ రాత్రంతా రోడ్డు మీద పడుకోరు. మొదటి వారం నమ్మరు. రెండుసార్లు మాట నిలబెట్టుకుంటే నమ్ముతారు. ఒక్కసారి తప్పితే మళ్లీ మొదటికొస్తుంది. "రైతులు టైము పాటించరు" అనే అభ్యంతరం ఇక్కడ చెల్లదు. చిత్తూరు, గాజులమండ్యం సహకార చక్కెర ఫ్యాక్టరీలు నడిచిన కాలంలో ఈ ప్రాంతపు రైతులే కటింగ్ ఆర్డరు చేతికొచ్చాక చెరకు నరికి బండ్లు తోలారు. నరికిన చెరకు ఆలస్యమైతే పంచదార శాతం పడిపోతుంది కాబట్టి ఫ్యాక్టరీ తన అవసరాన్ని పొలం దాకా తీసుకెళ్లింది. మామిడికి కూడా అదే చేయాలి: కోత మొదలు కాకముందే టోకెన్ అందాలి, కోసి లోడు చేశాక కాదు. దీనికి రెండు జాగ్రత్తలు. ఒకటి, వ్యాపారులు కాయ కొని పోగుచేసే ర్యాంపుల నుంచి వచ్చే పెద్ద లోడ్లకూ, నేరుగా తోట నుంచి వచ్చే చిన్న రైతుల ట్రాక్టర్లకూ వేరువేరు గంటలు కేటాయించండి. లేకపోతే పలుకుబడి ఉన్నవాడి లారీ ఎప్పుడూ ముందుంటుంది, టోకెన్ మీద గౌరవం అక్కడే పోతుంది. రెండు, ఆ రోజు దిగిన టోకెన్ల నంబర్లు వరసగా గేటు బోర్డు మీద కనబడేట్టు రాయించండి. వరస తప్పితే అందరికీ కనబడాలి. ఇది మంచితనం కోసం చెబుతున్న మాట మాత్రమే కాదు. వరస నిలబడితే మాగే గదికి రోజూ ఒకే మోతాదు కాయ వస్తుంది, అయిదో రోజున మిషన్‌కు ఒకే మోతాదు పండు అందుతుంది.

4. కాటా దగ్గర చిక్కు విప్పండి. లోడుతో వచ్చే బండి, ఖాళీగా పోయే బండి, గుజ్జు డ్రమ్ములతో చెన్నై రేవుకు బయల్దేరే కంటైనరు, బాయిలరు కట్టెల లారీ, అన్నీ ఒకే కాటా మీద ఒకే గేటు నుంచి నడుస్తుంటే అదే మీ ఫ్యాక్టరీ గొంతు. రెండో కాటా వెంటనే పెట్టలేకపోతే సమయాలు విడదీయండి: కట్టెలు, కంటైనర్లు రాత్రి పూట, కాయ పగటి పూట. పైసా ఖర్చు లేని మార్పు ఇది.

5. బెల్టు మీద ఖాళీలు చూడండి. ఈ ఒక్క పనికి పావుగంట కేటాయించండి. కాయ కడిగి ఏరే బెల్టు పక్కన ఒక కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తూ ఉండండి. కాయ పరుచుకుని నిండుగా వస్తోందా, లేక కాసేపు గుట్టగా, కాసేపు ఉత్త బెల్టుగా వస్తోందా? గంటకు 10 టన్నులంటే 500 క్రేట్లు, నిమిషానికి ఎనిమిదికి పైగా. నలుగురు మనుషులు మాగే గది నుంచి క్రేట్లు మోసుకొచ్చి కుమ్మరిస్తుంటే ఆ ఎనిమిది ఒక నిమిషం పదిహేనవుతాయి, మరో నిమిషం రెండవుతాయి. గుట్టగా వచ్చినప్పుడు ఏరేవాళ్ల చేతులు చాలక కుళ్లు కాయ జారిపోతుంది. ఖాళీగా వచ్చినప్పుడు పల్పర్ గాలి నములుతుంది. రోజు చివర సగటు తీస్తే ఎనిమిది బాగానే వచ్చినట్టు కనిపిస్తుంది, నష్టం మాత్రం జరిగిపోయింది. దీనికి మందు ఎక్కువమంది మనుషులు కాదు, గడియారం. ట్రాలీకి ఇన్ని క్రేట్లు, ఇన్ని నిమిషాలకొక ట్రాలీ, ఈ దారిన రాక, ఆ దారిన ఖాళీ క్రేట్లతో పోక అని ఖరారు చేయండి. పాల వ్యాను ఊరూరా ఒకే వేళకు తిరిగినట్టు ట్రాలీ తిరగాలి. పెద్ద కార్ల ఫ్యాక్టరీల్లో విడిభాగాలు లైనుకు చేర్చేది ఈ తీరులోనే. బెల్టు మొదట్లో 20 నిమిషాలకు సరిపడా, అంటే 170 దాకా క్రేట్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. అంతకు మించి పేర్చవద్దు. ఎక్కువ పేర్చితే దారి మూసుకుపోతుంది, పాతవి అడుగున పడతాయి, అప్పుడు నిల్వే అడ్డంకవుతుంది.

6. లైను చివర డ్రమ్ము ముందే సిద్ధంగా ఉందో లేదో చూడండి. ముందు వైపు మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా చివరి వైపు మీద పెట్టకపోవడం చాలా ఫ్యాక్టరీల బలహీనత. గంటకు 10 టన్నుల కాయ నుంచి దాదాపు సగం గుజ్జు వస్తుందనుకుంటే, 215 కిలోల డ్రమ్ములు గంటకు 23. రెండున్నర నిమిషాలకొక డ్రమ్ము, లోపల సంచీ సరిగ్గా అమర్చి, అసెప్టిక్ ఫిల్లర్ మూతి కిందికి రావాలి. అది ఒక్క పది నిమిషాలు రాలేదనుకోండి. ఏమవుతుంది? స్టెరిలైజర్ వంద డిగ్రీలు దాటిన వేడితో గుజ్జును శుద్ధి చేస్తూ ఉంటుంది. దాన్ని స్విచ్ తీసినట్టు ఆపలేరు. గుజ్జును మళ్లీ వెనక్కి తిప్పాలి, తిరిగిన కొద్దీ రంగు ముదురుతుంది, వాసన మారుతుంది. ఇంకా ఆలస్యమైతే గుజ్జు తీసేసి నీళ్ల మీద నడపాలి. డ్రమ్ములొచ్చాక నీళ్లు గుజ్జు కలిసిన మొదటి భాగాన్ని పక్కన పెట్టాలి. లోపల శుద్ధి చెడిందంటే మొత్తం మళ్లీ ఆవిరి పట్టాలి, గంటలు పోతాయి. ఒక హమాలీ టీకి వెళ్లినందుకు, ఒక ఫోర్క్‌లిఫ్ట్ గోదాము సందులో ఇరుక్కున్నందుకు ఇంత నష్టమా అనిపిస్తుంది. అవును, అంత నష్టమే. పలక మీద మాత్రం అది "రిపేరు" అని పడుతుంది, మీరు స్టెరిలైజర్ కంపెనీకి ఫోన్ చేస్తారు! అందుకే ఫిల్లర్ దగ్గర కనీసం అరగంటకు సరిపడా, అంటే డజను ఖాళీ డ్రమ్ములు సంచీలు తొడిగి సిద్ధంగా ఉంచే బాధ్యత ఒకరికే అప్పగించండి. ఆ మనిషికి ఇంకో పని చెప్పకండి. నిండిన డ్రమ్ములు పోయే దారి, ఖాళీవి వచ్చే దారి ఎదురుబొదురు కాకుండా చూడండి. గోదాములో కిందటేటి సరుకు మిగిలి ఉంటే దాన్ని సీజన్‌కు ముందే ఒక వైపుకు సర్దండి, లేదా బయట చోటు అద్దెకు తీసుకోండి. అసెప్టిక్ గుజ్జు 18 నుంచి 24 నెలలు నిలవుంటుందన్న ధీమాతో దాన్ని ఫిల్లర్‌కు దగ్గరి వరసల్లోనే వదిలేస్తే, ఈ ఏడు ప్రతి డ్రమ్మూ దూరం నడవాలి. 20 అడుగుల కంటైనర్‌కు 80 డ్రమ్ములు పడతాయి. కంటైనరు వచ్చాక డ్రమ్ములు వెతకడం మొదలుపెడితే ఫోర్క్‌లిఫ్ట్ ఆ రెండు గంటలూ లైనుకు దొరకదు. ముందురోజే ఆ 80 డ్రమ్ములనూ గేటు వైపు వరసలోకి తెచ్చి పెట్టండి.

7. తొక్క, టెంక బయటికి పోవాలి. కాయలో దాదాపు సగం గుజ్జయితే మిగతా సగం ఎక్కడికి పోతుంది? గంటకు నాలుగైదు టన్నుల వ్యర్థం, అంటే గంటకొక ట్రాక్టరు ట్రైలరు. పగలు ఎవరో ఒకరు తోలుకుపోతారు. రాత్రి రెండు గంటలకు ట్రైలరు నిండిపోయి, మార్చే డ్రైవరు లేకపోతే మొత్తం లైను ఆగుతుంది. కోట్ల రూపాయల లైను ఒక ట్రైలరు కోసం ఆగడం చూసినవాళ్లకు ఇది చిన్న విషయమనిపించదు. రాత్రి షిఫ్టుకు రెండు ట్రైలర్లు, ఒక డ్రైవరు ఖాయంగా ఉంచండి.

"ఇదంతా ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీలకు. కరకంబాడి బ్యాటరీలకో, శ్రీసిటీ వాహనాలకో సరిపోతుంది. మేం నడిపేది రెండు నెలలు, ఇన్ని లెక్కలు ఎక్కడ పెట్టుకుంటాం?" అన్నది చివరి అభ్యంతరం, అన్నిటికన్నా బలమైనది కూడా. సీజన్‌లో అందరూ నిద్ర లేకుండా పరుగెత్తుతుంటారు, నిజమే. ఉండే మనుషుల్లో ఎక్కువమంది ఆ రెండు నెలలకే వచ్చినవాళ్లు, నేర్పి కుదురుకునేలోగా సీజన్ అయిపోతుంది, అదీ నిజమే. అయినా ఈ వాదన తలకిందులుగా ఉందని నా నమ్మకం. ఏడాదంతా నడిచే ఫ్యాక్టరీ ఈ మంగళవారం పోగొట్టుకున్న గంటను వచ్చే ఆదివారం ఓవర్‌టైం పెట్టి రాబట్టుకోగలదు. మీరు జూన్ 15న పోగొట్టుకున్న గంటను అక్టోబరులో ఏం చేసి రాబట్టుకుంటారు? అప్పుడు తోటలో కాయే ఉండదు. ఏడాది మొత్తం వడ్డీ, తరుగుదల, పర్మనెంటు జీతాలు ఆ అరవై రోజుల గంటలే మోయాలి. అందుకే మీ గంట వాళ్ల గంటకన్నా ఎన్నో రెట్లు ఖరీదు. కొత్తవాళ్లకు నేర్పడానికి సమయం లేదన్న మాటకు జవాబు కూడా ఇందులోనే ఉంది. కొత్త మనిషికి మిషన్ నేర్పడానికి వారాలు పడుతుంది. "ఈ ట్రాలీ ఈ గీత మీద ప్రతి మూడు నిమిషాలకు నడవాలి" అన్నది నేర్పడానికి ఒక పూట చాలు. దారి బాగుంటే కొత్త మనిషి కూడా మొదటి రోజు నుంచే పనికొస్తాడు.

మరి ఏది ముందు? మీరిది చదువుతున్న వేళకు సీజన్ మొదలైపోయి ఉంటే మాగే గదికి తలుపులు కొట్టే పని పెట్టుకోకండి. ఒకటో అంశం, ఏడో అంశం రేపే మొదలుపెట్టవచ్చు, ఆ వెంటనే అయిదు. పెద్దగా డబ్బు అడగని పనులివి, వారంలో తేడా పలక మీద కనిపిస్తుంది. ఫిల్లర్ దగ్గర మనిషిని నిలబెట్టడం కూడా రేపటి పనే. సీజన్‌కు ఇంకా నెలలున్నాయా? అయితే జనవరిలో కిందటేటి ఆగుళ్ల లెక్క బయటికి తీసి, క్రేట్లు ఎన్ని తక్కువో, మాగే చోటు ఎంత తక్కువో కూడండి. అలాంటి లెక్కేదీ లేకపోతే గేటు రిజిస్టరు, డ్రమ్ముల రిజిస్టరు పక్కపక్కన పెట్టి చూసినా చాలావరకు తెలుస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గోదాము సర్దుడు, నేల మీద ట్రాలీ గీతలు, రెండో తలుపు పూర్తి చేయండి. ఏప్రిల్‌లో, కోతలు ముమ్మరం కాకముందే, ర్యాంపుల వాళ్లను, పెద్ద రైతులను, చిన్న రైతుల తరఫున ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి గంటల టోకెన్ ఎలా నడుస్తుందో మాట్లాడండి. ఏ గంటకు ఎన్ని బండ్లు దించగలరో మీ మాగే గది లెక్క ప్రకారమే చెప్పండి, ఒక్క బండి కూడా ఎక్కువ చెప్పకండి. ఆ అంకె మీరు అనుకున్నదానికన్నా తక్కువే రావచ్చు. వాళ్ల ముఖం మీద ఆ మాట చెప్పడం కష్టంగా ఉంటుంది. కానీ ఏప్రిల్‌లోనే ఆ అంకె తెలిస్తే రైతు కోత వారం వెనక్కి జరుపుకుంటాడు, ఇంకో ఫ్యాక్టరీతో మాట్లాడుకుంటాడు, ర్యాంపువాడు లారీలు తగ్గించుకుంటాడు. కోసి, లోడు చేసి, మీ గేటు దగ్గరికి వచ్చాక తెలిస్తే అతని చేతిలో చేయడానికేమీ మిగలదు.